మామ్మ పుట్టిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు తెలియని రూలు ఈ దేశంలో లేదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, బస్తర్ అడవుల మధ్య కిరందుల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచరుగా కొత్త ఉద్యోగం, మొదటి జీతాలతో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్, ఈ మూడూ ఒకే మనిషికి ఒకేసారి వచ్చి పడితే ఆ మనిషి నడకే మారిపోతుంది. మా రైల్వే క్వార్టర్ల వరసలో ఎవరికి గ్యాస్ బుక్ చెయ్యాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్పుకి అప్లికేషన్ పెట్టాలన్నా, పెన్షన్ ఎందుకు ఆగిందో కనుక్కోవాలన్నా "టీచరమ్మ గుంట ఉంది కదా" అంటూ మా ఇంటికే వచ్చేవారు; గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నేను కళ్ళజోడు సవరించుకుని (చూపు బాగానే ఉండేది, కళ్ళజోడు గౌరవం కోసం), "సర్వర్ డౌన్, రేపు రండి" అనేదాన్ని. ఆ ఒక్క మాట అనడంలో ఎంత సుఖం ఉందో కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. సరిగ్గా నేను అంత ఎత్తున ఉన్న సమయంలో మా మామ్మ రంగం వెళ్తానని కూర్చుంది.

రంగం అంటే రంగూను. మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళెవరూ దాన్ని రంగూను అనరు. ఒకప్పుడు మా ఊళ్ళ నుంచి కూలికని, వ్యాపారానికని జనం ఓడలెక్కి బర్మా పోయేవారు. మామ్మ వాళ్ళ నాన్నా అలాగే పోయాడు. మామ్మ అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. ఆమెకి పెళ్ళీడు వచ్చేసరికి అక్కడ ప్రభుత్వం మారి, మనవాళ్ళ కొట్లూ పనులూ పోయి, కుటుంబాలకు కుటుంబాలు కట్టుబట్టలతో ఓడెక్కి విశాఖపట్నం రేవులో దిగాయి. కాందిశీకులు అనేవారట వాళ్ళని. అలా దిగి క్యాంపులో ఉన్న పిల్లని, కిరందుల్ దాకా కేకే రైలు లైను కొత్తగా వేస్తున్న రోజుల్లో గ్యాంగ్‌మేన్‌గా చేరిన మా తాత చేసుకుని, అరకు కొండలు దాటించి ఈ బస్తర్‌కి తీసుకొచ్చాడు. తాత పోయాక మామ్మ, అదే లైను మీద పట్టాలు తనిఖీ చేసే కీమేన్‌గా చేస్తున్న మా నాన్న దగ్గర ఉండేది. ఇనుప ఖనిజం మోసే రైలుబండ్ల ఎర్రదుమ్ము పడే మా వాకిలిని పొద్దున్నా సాయంత్రం ఊడ్చేది, సంతలో ఆడవాళ్ళతో అక్కడి హల్బీ భాషలో బేరమాడేది, పక్క క్వార్టర్‌తో హిందీలో తగువు పడేది, మమ్మల్ని తెలుగులో తిట్టేది. బర్మా భాష మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. మాట్లాడడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆ భాష మాట్లాడే చెల్లెలు ఒకతె అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ చెల్లెలు లేత వయసులోనే పక్కింటి బర్మా కుర్రాణ్ణి చేసుకుంది. "నాకు ఒకతే కూతురు" అనేశాడట వాళ్ళ నాన్న. ఓడ కదిలే రోజున ఆ పిల్ల రేవు దాకా వచ్చి గేటు అవతల నిలబడింది. మామ్మ చెయ్యి ఎత్తబోతే వాళ్ళ నాన్న ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేశాడు. "సెయ్యైనా ఊపనీలేదే మా అయ్య" అని మామ్మ ఎప్పుడో ఏడాదికోసారి, అదీ చింతపండు గింజలు తీస్తూనో, దుప్పటి మడత పెడుతూనో, మొహం మా వైపు తిప్పకుండా చెప్పేది. వినీవిననట్టు ఊరుకోవడం మాకూ అలవాటైపోయింది.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. విశాఖలో ఉన్న చుట్టం ఒకాయన ద్వారా ఆరా తీసి, ఆ చెల్లెలి మనవరాలు నన్ను పట్టుకుంది. నాకొచ్చిన ఇంగ్లీషూ ఆ అమ్మాయికొచ్చిన ఇంగ్లీషూ కలిస్తే ఒక పూర్తి వాక్యం అయ్యేది. ఒక ఆదివారం వీడియో కాల్ కలిపాం. ఇటు మామ్మ, అటు చెల్లెలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్క మాటా అనలేదు. నెట్ ఆగిపోయిందనుకుని నేను ఫోన్ అటూ ఇటూ ఊపాను కూడా (నా సాంకేతిక పరిజ్ఞానం అంతటిది). ఆగింది నెట్ కాదు. కాసేపటికి మామ్మ నోటి నుంచి నేను పుట్టాక ఎప్పుడూ వినని భాష గబగబా రావడం మొదలైంది. మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "అత్తకేమైంది?" అని అడిగింది. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. మేమంతా ఆ మాడిన వాసనలో నిలబడి, మా మామ్మ ఎవరో కొత్తావిడలా నవ్వుతుంటే చూశాం.

ఫోన్ పెట్టేశాక మామ్మ తీర్పు చెప్పింది. "ఒలే గుంటా, నాను రంగం ఎల్తాను. అది మంచాన పడకముందే దాన్ని సూసి రావాల. బేగి కానియ్యి."

"పాస్‌పోర్టు కావాలి మామ్మా."

"పాసుంది కాదేటి, మీ తాతది?"

ఇది మా రైల్వే వాళ్ళకి మాత్రమే వచ్చే జబ్బు. పుట్టిన దగ్గర్నుంచి ఉచిత రైలు పాసు మీదే తిరిగినవాళ్ళం కాబట్టి, భూమి మీద ఏ చోటికైనా పాసు రాయించుకోవచ్చని మా అందరికీ లోలోపల ఒక నమ్మకం. గ్యాంగ్‌మేన్ భార్యగా మామ్మకి కుటుంబం పాసు వచ్చేది కూడా. అంతకంటే విచిత్రం, మా నాన్న మర్నాడు నిజంగానే ఆఫీసుకెళ్ళి, "రంగూను దగ్గర్లో మన రైల్వేది ఏ స్టేషనుందండీ?" అని అడిగి వచ్చాడు. అక్కడి గుమాస్తా బాబు చాలా మర్యాదస్తుడట, నవ్వకుండా కలకత్తా అని చెప్పి పంపాడట. "అడగడంలో తప్పేముంది" అంటూ నాన్న అన్నం ముందు కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ తెరిచాను.

ముందు ఫోటో. బర్మాలో ఆడవాళ్ళు ఒక చెట్టు బెరడు అరగదీసి ఆ గంధం బుగ్గలకి గుండ్రంగా పూసుకుంటారు. మామ్మకి ఇక్కడ ఆ బెరడు దొరక్క, మంచి గంధమే అరగదీసి, పండక్కీ పబ్బానికీ రెండు బుగ్గలకీ దిద్దుకునేది. మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి అది మా కంటికి ఆనలేదు. స్టూడియో అబ్బాయికి ఆనింది. "మాతాజీ, ముఖానికి సున్నం అంటుకుంది" అని హిందీలో చెప్పి తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు. మామ్మ ఆ గుడ్డని అతనికే తిరిగి ఇచ్చేసింది. "ఇది తుడిసీస్తే నా సెల్లి నన్ను గురుతు పడతాదేటి?" అంది నాతో. చెల్లెలికి చూపించే ఫోటో ఇది కాదని, ఆఫీసర్లు చూసేదని నేను ఎంత చెప్పినా, దేశం కాని దేశంలో ఎవరు ముందు చూస్తారో నీకేం తెలుసు అని వాదించింది. చివరికి గంధంతో ఒకటీ, గంధం లేకుండా ఒకటీ తీయించాం. గంధంది చెల్లెలికి పంపాం. లేనిది ప్రభుత్వం వారికి ఉంచాం.

అప్పటికి జగదల్‌పూర్‌లోనే పాస్‌పోర్టు కౌంటరు కొత్తగా వచ్చింది, రాయ్‌పూర్ దాకా పోనక్కర్లేదు. మా అందరి భయం ఒకటే: పుట్టిన చోటు. రంగం అని చెబితే పరాయి దేశస్థురాలంటారేమో, ఉన్న రేషన్ కార్డు కూడా లాక్కుంటారేమో అని మా అమ్మ ముందురోజంతా దీపం ముందే ఉంది. "శ్రీకాకుళంలోనే పుట్టిందని రాసేద్దామా?" అన్నాడు నాన్న. మామ్మ ఒప్పుకోలేదు. క్యాంపులో ఇచ్చిన పాత కార్డు సంచిలో పెట్టుకుని, పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. కౌంటర్‌లో ఆయన ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. పై ఆఫీసరుకి చూపించి వచ్చాడు. ఓడెక్కింది ఎవరితో, దిగింది ఎక్కడ అని నెమ్మదిగా అడిగాడు. మామ్మ చెప్పింది. ఆయన "ఠీక్ హై" అని కంప్యూటర్లో టకటకా కొట్టేశాడు. అంతే. అంతగా భయపెట్టిన రంగం అలా గట్టెక్కిపోయింది. నాన్న నా వైపు చూసి, టీ తాగొద్దామా అన్నట్టు సైగ కూడా చేశాడు.

అప్పుడు ఆయన సరిచూసుకోవడానికి వివరాలు పైకి చదివాడు. పేరు, భర్త పేరు. "జన్మతిథి, ఏక్ జనవరి."

"అది ఏ వారం?" అంది మామ్మ నాతో.

ఆయనకి అర్థం కాలేదు. నేను హిందీలో చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. ఆయన మంచివాడు, ఓపికగా తన ఫోన్‌లో వెనక్కి వెనక్కి వెళ్ళి చూసి, "సోమ్‌వార్ థా, మాతాజీ" అన్నాడు నవ్వుతూ.

మామ్మ కుర్చీలోంచి లేచింది. "నాను సోమారం పుట్టినాదాన్ని కాదు. సుక్కురోరం పుట్టినాను. మార్సమను."

ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పాలి. మన ఊళ్ళలో పెద్దవాళ్ళకి పుట్టిన తేదీలు తెలియవు. ఆధార్ తీసినప్పుడు వయసు చెబితే తేదీ దగ్గర జనవరి ఒకటి పడిపోతుంది. మా క్వార్టర్లలో ముసలివాళ్ళంతా జనవరి ఒకటినే పుట్టారు. వాళ్ళెవరికీ దాంతో పేచీ లేదు. కానీ బర్మాలో తేదీ ఎవరికీ పట్టదు, పుట్టిన వారం ముఖ్యం. ఒక్కో వారానికి ఒక జంతువు ఉంటుంది. అక్కడి పెద్ద బంగారు పగోడా చుట్టూ ఒక్కో వారానికి ఒక మూల ఉంటుంది. ఎవరి వారం మూలకి వాళ్ళు వెళ్ళి అక్కడి బొమ్మ మీద నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు. రంగంలో ఉన్న మనవాళ్ళకీ ఆ అలవాటే అబ్బింది. సోమవారం వాళ్ళది పులి. శుక్రవారం వాళ్ళది తోకలేని ఎలుక లాంటి ఒక చిన్న జంతువు. అంటే భారత ప్రభుత్వం ఉత్త పుణ్యానికి ఆమెను ఎలుక నుంచి పులిని చేస్తానంటుంటే, మా మామ్మ వద్దంటోంది.

"ఆధార్‌లో ఏముంటే ఇక్కడా అదే ఉండాలి. మార్చాలంటే ముందు అక్కడ మార్పించుకుని రండి" అన్నాడాయన. అది రూలే. "మామ్మా, తేదీతో ఎవరికి పనుంది, రెండు నెలల్లో చేతికొచ్చేస్తుంది, సంతకం పెట్టెయ్యి" అని నేను బతిమాలాను, తర్వాత కసిరాను, తర్వాత మళ్ళీ బతిమాలాను. మా నాన్న గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. మామ్మ కాగితాలన్నీ సంచిలో సర్దుకుని, ఆయనకి రెండు చేతులూ జోడించి, బయటకి నడిచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క సంతకం!

తిరుగు ప్రయాణంలో కిరందుల్ పాసింజర్ ఎక్కాక నేను ఆమెతో మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. గీదం స్టేషను దాటాక మామ్మే నా భుజం తట్టింది.

"కోపం వచ్చినాదేటే?"

"కోపం కాదు. నువ్వు వెళ్ళాలనుకుంటున్నావా, వద్దనుకుంటున్నావా?"

మామ్మ కాగితాల సంచి ఒళ్ళో సర్దుకుంది. తర్వాత చెప్పింది. మొన్న ఫోన్‌లో చెల్లెలు ఒక సంగతి చెప్పిందట. ఓడ కదిలిన రోజున ఆ పిల్ల రేవు నుంచి ఇంటికి పోకుండా నేరుగా పగోడాకి పోయిందట. తన మూల వదిలేసి, అక్కదైన శుక్రవారం మూలకి పోయి, అక్క సముద్రం మీద బాగుండాలని నీళ్ళు పోసిందట. ఆ తర్వాత వారం వారం పోస్తూనే ఉందట, ఇప్పటికీ. కాళ్ళు సాగనప్పుడు మనవరాలి భుజం పట్టుకుని పోయి మరీ పోస్తోందట.

"మరి నాను సోమారం అని కాయితం అట్టుకుని దిగితే, అది ఇన్నేళ్ళూ పోసిన నీళ్ళు ఎవులికి పోసినట్టే?"

 నాకు తెలిసిన రూల్సు చాలా ఉన్నాయి కానీ వాటిలో ఇది లేదు. మామ్మ చెయ్యి పట్టుకున్నాను. "మార్పిద్దాంలే" అన్నాను. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణాన నాకు కూడా శుక్రవారం తప్ప ఇంకేదీ కనిపించలేదు.

ముందు ఆ శుక్రవారం ఏదో తేలాలి. మామ్మకి గుర్తున్నదల్లా వాళ్ళమ్మ చెప్పిన మాట: వానాకాలం, తెల్లారిగట్ల, వీధిలో చేపలమ్మి కేకేస్తున్న వేళ. నేను లాప్‌టాప్‌లో ఆ ఏడాది కేలండర్ తెరిచి వానాకాలం శుక్రవారాలన్నీ ఒక్కొక్కటే చదివాను. మామ్మ కళ్ళు మూసుకుని వింటూ, "కాదు, కాదు" అంటూ పోయి, ఒక దగ్గర "ఆగు, ఇదే" అంది. ఎలా తెలుసని అడిగితే, వినగానే తెలిసిన మనిషిలా ఉంది అంది. అంతకంటే గట్టి సాక్ష్యం మా దగ్గర లేదు. చేపలమ్మిని ఎక్కడ తెచ్చేది? ఆధార్ వాళ్ళు పెద్దాఫీసరు సంతకంతో సర్టిఫికెట్ కావాలన్నారు. ఆయన తన ముందు రుజువు పెట్టమన్నాడు. పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ తిరిగొచ్చింది. తప్పు వాళ్ళదీ కాదు. ఆధారం లేకుండా ఎవరు మాత్రం ఒక మనిషి పుట్టినరోజు మార్చేస్తారు? నేను స్కూల్లో సెలవులు పెట్టీ పెట్టీ, హెడ్‌మాస్టారు నన్ను చూస్తే "ఈసారి ఏ వారం?" అని అడిగేవారు. వానలు పోయాయి, చలి వచ్చింది, ఇప్పపూలు రాలి మళ్ళీ ఎండలు ముదిరాయి. చివరికి విశాఖ క్యాంపులో మామ్మతో పాటు ఓడ దిగిన ముసలమ్మ ఒకామె అఫిడవిట్ ఇచ్చింది. దాంతో ఎవరి మనసో కరిగింది. ఆధార్‌లో శుక్రవారం పడింది. ఆ రోజు మామ్మ కాయధాన్యాలన్నీ ఉడకబెట్టి క్వార్టర్లందరికీ పంచింది. ఎందుకు పంచుతున్నారని అడిగినవాళ్ళకి మా అమ్మ ఏం చెప్పాలో తెలియక, "మా అత్త పుట్టింది" అని చెప్పింది.

పాస్‌పోర్టుకి మళ్ళీ పెట్టాం. ఈసారి పోలీసు విచారణకి ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. హిందీలో మొదలుపెట్టినవాడు కాస్తా మా నాన్నతో రెండు ముక్కలు విని, తెలుగులోకి దిగిపోయాడు. అతనిది బస్తర్ చివర, తెలుగు మాట్లాడే కోంటా వైపు, ఎర్రబోరు అవతల ఊరట.

"ఏంది పెద్దమ్మా, రంగూన్‌ల పుట్టి ఈ అడివికెట్లొచ్చినవ్?"

"ఎల్లగొట్టీసినారు బాబూ. వచ్చీసినాం. ఇక్కడ పనుంటే ఉండిపోయినాం."

"మరి గిప్పుడెందుకు పోతున్నవ్?"

"సెల్లి ఉంది."

అతను రాసుకోవడం ఆపాడు. "మేం గూడ ఊరిడ్సి పోయినోళ్ళమే పెద్దమ్మా. నా చిన్నప్పుడు నక్సలైట్ల గొడవలల్ల రాత్రికి రాత్రి అందరం మరైగూడ దిక్కు ఉరికినం. తర్వాత ఎవరెటు పోయిండ్రో" అన్నాడు.

"మళ్ళీ ఎల్లినావా మీ ఊరు?"

"ఊరుంటే గదా పోయేది."

మామ్మ లేచి లోపలికెళ్ళి అతనికి అన్నం పెట్టమంది. డ్యూటీలో తినకూడదంటూనే తిన్నాడు. నేను పక్కనుండి, ఎక్కువ రోజులు పట్టకుండా రాయండి అన్నా, అని నా టీచరు గొంతుతో చెప్పబోతే, "నువ్వు చెప్పకున్నా రాస్తా చెల్లె" అన్నాడు. ఆ సాయంత్రమే రిపోర్టు పంపించాడని తర్వాత తెలిసింది.

పాస్‌పోర్టు వచ్చిన రోజున మామ్మ అట్టకి పసుపు రాయబోతే నేను లాక్కున్నాను. వీసా కూడా వచ్చింది. కలకత్తా నుంచి ఇద్దరికీ టికెట్లు కొన్నాం. ఆమె అంతంత దూరాలు నడవలేదని విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కూడా రాయించాను. ఆమె దానికి కోప్పడింది. జగదల్‌పూర్ చింతపండు, ఎండిన ఇప్పపూలు, మా ఊరి చీరలు రెండు సర్దింది. రంగంలో ఎలా కూర్చోవాలో, పెద్దవాళ్ళ ముందు నుంచి ఎలా వంగి నడవాలో నాకు హాల్లో నేర్పింది. మా అమ్మ నవ్వలేక చచ్చింది. ఇక బయల్దేరడమే అనగా, స్కూళ్ళు మూసేశారని ఫోనొచ్చింది. తర్వాత రైళ్ళు. తర్వాత విమానాలు. ఖనిజం బండ్లు మాత్రం మా వాకిలి ముందు నుంచి యథాప్రకారం పోతూనే ఉన్నాయి. మామ్మ వాకిట్లో నిలబడి వాటినే చూసేది. "ఇయ్యి ఎల్తన్నాయి కాదేటి" అనేది.

మూడు వారాలే అన్నారు. ఆ మూడు వారాలు ఎలా సాగాయో మీకందరికీ తెలుసు. ఆ పైన, రోగం కాస్త తగ్గుముఖం పట్టేసరికి, బర్మాలో మళ్ళీ సైన్యం వచ్చి గద్దె మీద కూర్చుంది. నెట్ ఎప్పుడుంటే అప్పుడు ఫోను, లేకపోతే లేదు. కాల్ కలిసిన రోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా ఒకేసారి మాట్లాడేసుకునేవారు. మళ్ళీ ఎప్పుడు తెగిపోతుందో అని.

ఆ ఎండాకాలం పోయాక చెల్లెలికి జ్వరం వచ్చింది. మనవరాలు కాల్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోన్ మంచం వైపు తిప్పింది. ముక్కుకి గొట్టం పెట్టుకున్న చిన్న మనిషి, తెల్లటి జుట్టు, ఎముకలు తేలిన చెయ్యి. ఆమె ఏదో ఒక్క ముక్క అడిగింది. మామ్మ వెంటనే మొహం నిండా నవ్వుతో, చేతులు తిప్పుతూ, చాలాసేపు గలగలా మాట్లాడింది. అటు వైపు మనిషి కళ్ళు మూసుకుని తల ఊపింది. కాల్ తెగిపోయింది. మామ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, చీర చెంగుతో మెడ తుడుచుకుంది.

"ఏమడిగింది మామ్మా?"

"ఎప్పుడొస్తావు అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఓడెక్కీసినాను అన్నాను. సముద్రం బాగున్నాది, అలల్లేవు, రేవుకి రాకు ఎండకి, ఇంటికాడే ఉండు, నానే వచ్చీస్తాను అని సెప్పినాను."

"ఓడలెక్కడున్నాయి మామ్మా ఇప్పుడు?"

"దానికి ఓడే కాదేటే తెలుసు."

కాగితం మీద ఒక్క వారం తప్పు పడితే సహించని మనిషి ఆ అబద్ధం ఎంత వివరంగా ఆడిందో, అలల సంగతి కూడా చెప్పి. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మ భుజం మీద పడి ఏడ్చాను. చెల్లెలు పోయిందని కబురు వారం తిరక్కుండానే వచ్చింది. మామ్మ పెద్దగా ఏడవలేదు. అక్కడి పద్ధతి ఏదో ఆమెకే తెలుసు, ఆ పూట ఇంటి తలుపులన్నీ తెరిచి ఉంచమంది. ఉంచాం. ఎర్రదుమ్ము ఇల్లంతా నిండింది. ఎవరూ ఊడవలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళైంది. విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి. నాకూ పెళ్ళై, వేరే స్కూలై, ఇప్పుడు నిజంగానే కళ్ళజోడు అవసరమై, ఎవరైనా రూలడిగితే "నాకు తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అనడం అలవాటైంది. మామ్మ ఎనభై దగ్గర పడింది. మొన్న సెలవుల్లో వెళ్ళినప్పుడు, మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నాళ్ళనుంచో లోపల దాచుకున్నది అడిగింది.

"ఒలే గుంటా, అప్పుడు నీ మాట ఇని ఆ జనవరి ఒకటే ఉంచీసుంటే, ఎల్లిపోదును కాదేటి? అది ఉండగానే?"

వెళ్ళిపోయేది. లెక్క వెయ్యక్కర్లేదు. ఆ రోజు కౌంటర్‌లో సంతకం పెట్టి ఉంటే, ప్రపంచానికి తాళం పడక ముందే ఆమె చెల్లెలి పక్కన కూర్చుని ఉండేది. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె నా మొహంలోకి చూస్తోంది, కళ్ళు అప్పటికే తడిసి ఉన్నాయి.

"లేదు మామ్మా" అన్నాను కళ్ళజోడు సవరించుకుని. "ఉత్త జనవరి ఒకటి ఉన్నవాళ్ళకి బర్మా వాళ్ళు వీసా ఇవ్వరు. రూలుంది. వారం సరిగ్గా లేకపోతే విమానాశ్రయంలోనే ఆపి తిప్పి పంపేస్తారు. నేను అప్పుడే చదివాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

"నిజవేనేటి?"

"నిజమే. పుట్టిన వారానికి వాళ్ళ దగ్గర వేరే కౌంటరుంటుంది."

మామ్మ దుప్పటి భుజం దాకా లాక్కుంది. నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఎనభై ఏళ్ళ మనిషి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నా అబద్ధం పట్టుకోలేకపోతుందా? "అలగైతే మంచి పనే సేసినాం" అని పక్కకి ఒత్తిగిలి పడుకుంది. కాసేపటికి నిద్రపోయింది కూడా.

నేను బయట అరుగు మీద కూర్చుని, ఆ ఇరవై రెండేళ్ళ టీచరమ్మ గుంటని తలుచుకుని నవ్వుకున్నాను. పాపం, దానికి ఎన్ని రూల్సు తెలుసో. అన్నీ నిజమైనవే, అన్నీ నోటికొచ్చు. ఒక్క రూలు సొంతంగా పుట్టించడం మాత్రం చేతనయ్యేది కాదు.